ఎడమచేతి చిటికెన వేలు

లేపాక్షి,
నవంబరు 9, 2024.

సునందా,

మూడు రోజులుగా నీ చేతిని చూస్తూనే కూర్చున్నాను. కంప్యూటరు తెర నిండా నీ ఎడమచెయ్యే. ఆ రోజు నారాయణమ్మగారి గడప మీద గోనెసంచి పరిచి నువ్వు చెయ్యి పెట్టినప్పుడు ఇంత బాగా వస్తుందని నేనే అనుకోలేదు. చూపుడువేలి కొసన సూది గుచ్చుకున్న చుక్కలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. గోరు పక్కన చాక్‌పీసు పొడి ఉంది. బట్ట మీద గీత గీసి అప్పుడే మిషను దగ్గరి నుంచి లేచి వచ్చావు కదా. చిటికెన వేలు నడిమి కణుపు దగ్గర బయటికి తిరిగి, మిగతా నాలుగింటితో మాటలు లేనట్టు పక్కకు చూస్తోంది. కదిరి హాస్టల్లో మనం పక్క పక్క మంచాల మీద పడుకున్న రోజుల్లో ఆ వేలు తిన్నగానే ఉండేది. ఎలా అయిందని నేను అడగలేదు. నువ్వూ చెప్పలేదు.

నంది దగ్గర యాత్రికుల ఫొటోలు తీసి పదేళ్లు బతికాను. ఇప్పుడు అందరి చేతిలోనూ సెల్‌ఫోన్ ఉంది. నన్ను పిలిచేది ఏ ముసలివాళ్లో. వాళ్లు కూడా కెమెరా చూడగానే గడ్డం ఎత్తుతారు, లేని నవ్వు తెచ్చుకుంటారు. మొహం మనిషి చెప్పిన మాట వింటుంది. మడమ వినదు, మెడ వినదు. అందుకే దగ్గరికి, ఇంకా దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. గొర్రెలు కాసే తిప్పయ్య మడమ తీశాను. పగుళ్లలో ఎర్రమన్ను ఎండిపోయి ఉంది, కడిగినా పోదట. గంగక్క ముంజేతి మీద పెళ్లినాటి తేలు పచ్చబొట్టు తీశాను. చర్మం ముడతలు పడి ఆ తేలు ఇప్పుడు కాళ్లు ముడుచుకుంది. తిప్పయ్యకు చూపిస్తే చాలాసేపు చూసి, "మొగం ఫొటోలో నేను మా అన్న మాదిరి ఉంటా. ఇదైతే నేనే" అన్నాడు.

వచ్చే నెల హిందూపురంలో ఒక కాలేజీ హాల్లో ఈ ఫొటోలు పెట్టమంటున్నారు. పన్నెండు పెడతాను. నీ చెయ్యి లేకపోతే మిగతా పదకొండూ బోసిగా ఉంటాయి. పేరు ఉండదు, ఊరు ఉండదు, మొహం అసలే లేదు. ఎవరికి తెలుస్తుంది? నువ్వు వద్దంటే పెట్టను.

నీ
శశి


శింగనమల చెరువు కింది ఊరు,
నవంబరు 21.

శశీ,

పోస్ట్‌మ్యాన్ "గంగాదేవీ" అని రెండుసార్లు పిలిచాడు. రెండేళ్లయినా ఆ పేరుకు వెంటనే తల తిప్పలేకపోతున్నాను. మూడోసారి పిలవకముందే నారాయణమ్మత్త నన్ను గిల్లింది. ఆమెకు నేను గంగాదేవిననే తెలుసు. మొగుడు లేడనీ, రవికలు కుడతాననీ, గదికి వెనక వైపు తలుపు కావాలన్నాననీ తెలుసు. ఇంకేమీ అడగని మనిషి.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని నువ్వు విసుక్కోవడం లేదు, అదే పదివేలు. ధర్మవరంలో మా మేనత్త ఇంట్లో దాక్కున్నప్పుడు ఒక్కసారి ఫోన్ ఆన్ చేశాను. మూడో రోజు పొద్దున వీరేష్ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చెప్పులు కూడా విప్పలేదు. నేను పెరటి తలుపు నుంచి పారిపోయాను. అప్పటి నుంచి నా దగ్గర ఫోన్ లేదు.

వేలు సంగతి చెప్తాను. పెళ్లయిన ఆరో ఏడు. బీరువా తాళం ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. దొరికింది, బీరువా తెరిచాను, నా చెయ్యి తలుపు సందులో ఉండగానే వీరేష్ తలుపు తోశాడు. పొరపాటున కాదు. నా మొహం చూస్తూ తోశాడు. తర్వాత అందరికీ స్నానాలగదిలో జారిపడ్డానని చెప్పాడు, నేనూ అదే చెప్పాను. మండలంలో పంచాయితీలు చేసే మనిషి. ఆయన మాట మీద ఇంకో మాట ఉండదు.

ఆ రోజు నువ్వు కెమెరా తెచ్చి నా చేతికి బెత్తెడు దూరంలో పెట్టినప్పుడు నాకు ఊపిరి అందలేదు. నా ఒంటికి అంత దగ్గరగా వచ్చిన మనిషి అంతకు ముందు ఒక్కడే. నువ్వేమో శ్వాస బిగబట్టి, "కదలకు, కదలకు" అంటూ మెల్లగా వెలుతురు కోసం తలుపు తెరిచావు. కాసేపటికి చెయ్యి బిగించడం మానేశాను. ఎవరో నన్ను చూస్తున్నా భయం లేకుండా ఉండడం చాలా ఏళ్ల తర్వాత అదే. అందుకే కాదనలేకపోతున్నాను.

పెట్టు. కానీ ఫొటో ఆ హాలు దాటి బయటికి పోకూడదు. మాట ఇస్తేనే.

సునంద


లేపాక్షి,
డిసెంబరు 22.

సునందా,

అయిపోయింది. మూడు రోజులు పెట్టాం. కాలేజీ పిల్లలు వచ్చారు, పట్టుచీరల నేతగాళ్లు వచ్చారు, గంగక్క తన పచ్చబొట్టు ముందు నిలబడి వచ్చిన వాళ్లందరికీ కథ చెప్పింది. గోవిందప్ప మూటలు మోసి మోసి కాయకట్టిన వీపు చూసి ఆయన పెళ్లామే గుర్తుపట్టలేదు. పట్టాక ఏడ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ వీపుకు నూనె రాస్తున్నాను, ఇట్లా ఉంటుందని తెలియదే అంది.

నీ చెయ్యి ముందు జనం ఎక్కువసేపు నిలబడ్డారు. కింద "ఒక స్త్రీ, ముప్పై ఆరేళ్లు" అని మాత్రమే రాశాను. ఒకామె నన్ను పక్కకు పిలిచి, ఈమె బాగుందా అని అడిగింది. బాగుందన్నాను.

ఇంకో సంగతి. కోప్పడకు. చివరి రోజు ఒక పేపరు విలేకరి వచ్చాడు. తిప్పయ్య మడమ వేస్తానన్నాడు, సరే అన్నాను. నిన్న జిల్లా పేజీ తెరిస్తే మడమ లేదు. నీ చెయ్యి ఉంది. నా పేరు ఉంది, నీ పేరు లేదు. చిన్న ఫొటోనే. ఒక్కరోజు పేపరు, ఎల్లుండికి పొట్లాలు కడతారు. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

నీ
శశి


శింగనమల చెరువు కింది ఊరు,
డిసెంబరు 30.

శశీ,

చిన్న ఫొటోనే అన్నావు. వీరేష్ పొద్దున లేస్తే మొదట చదివేది జిల్లా పేజీ. అందులో తన పేరు వచ్చిందా, ఎవరి పేరు వచ్చింది అని వేలు పెట్టి చదువుతాడు.

ఆ ఒక్క మాటే కదా నిన్ను అడిగాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి చిటికెన వేలికి గుడ్డ చుట్టుకున్నాను. సూది దిగిందని చెప్తున్నాను. రవికలు కుట్టించుకునే వాళ్లు, ఇంకా మానలేదా గంగాదేవీ అంటున్నారు. ఎడమచెయ్యి కొంగు కిందే పెట్టుకుని ఒంటిచేత్తో బట్ట తిప్పుతున్నాను, కుట్టు వంకర పోతోంది. వీధిలో టూవీలర్ ఆగితే మిషను ఆపేస్తాను. మొన్న ఎరువుల ఏజెంటు వచ్చి ఎవరి ఇంటికో దారి అడిగాడు. నేను వెనక తలుపు నుంచి చేలోకి పోయి, ఎండిన వేరుశనగ కట్టెల వామి చాటున గంటసేపు కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. కాళ్లు మండుతున్నా లేవలేకపోయాను.

మొహం లేకపోతే ఎవరికీ తెలియదన్నావు. ఆ తలుపు తోసినప్పుడు తప్ప నా మొహాన్ని ఆయన ఎప్పుడు చూశాడు? ఆయనకు తెలిసింది నా చేతులూ వీపే.

సునంద


లేపాక్షి,
జనవరి 11, 2025.

సునందా,

నన్ను ఎంత తిట్టినా పడతాను. ఆ విలేకరికి ఫోన్ చేసి అరిచాను. కానీ ఏం లాభం.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. దాచితే ఇంకా తప్పు. మొన్న గురువారం ఒక పెద్దాయన నా ఫొటోల కొట్టుకు వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. తెల్లపంచె, తల మీద తువ్వాలు, ఎక్కడి నుంచో బస్సులు మారి వచ్చిన దుమ్ము. జేబులో నుంచి పేపరు కటింగు తీసి బల్ల మీద పరిచాడు. నీ చెయ్యి. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చినిగి ఉంది.

"ఈ చెయ్యి ఎవురిదమ్మా?" అన్నాడు.

తెలియదన్నాను. కదిరి దగ్గర జాతరలో ఎవరో దొరికితే తీశానని చెప్పాను. నమ్మాడో లేదో. పేరేమిటి, ఏ ఊరు అని అడిగితే చెప్పలేదు. కూర్చుంటానన్నాడు. కూర్చుని గోడ మీద ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూశాడు. తర్వాత, "ఈయమ్మకు ఆ యేలు ఇప్పుడు నొప్పి పుడతాండాదంటనా?" అని అడిగాడు. తెలియదు పెద్దాయనా, నన్నేం అడగొద్దు అన్నాను. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

వీరేష్ పంపిన మనిషే అనుకుంటున్నాను. ముసలివాళ్లను పంపితే ఎవరూ అనుమానించరు కదా. నువ్వు జాగ్రత్తగా ఉండు.

శశి


శింగనమల చెరువు కింది ఊరు,
జనవరి 17.

శశీ,

ఒక్కటే అడుగుతున్నాను, నిజం చెప్పు. నా ఉత్తరాలు ఎక్కడ పెడతావు? కవరు వెనక నేను ఈ ఊరి పేరూ, నారాయణమ్మత్త పేరూ రాస్తాను, లేకపోతే నీ జవాబు రాదు గనక. ఆ మనిషి కూర్చున్నప్పుడు నా కవరు ఆయనకు కనబడే చోట ఉందా?

వెంటనే రాయి.

సునంద


లేపాక్షి,
జనవరి 22.

సునందా,

ఉంది.

బల్ల మీద క్యాలెండరు కింద పెట్టాను. నేను నీళ్లు తేవడానికి లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి క్యాలెండరు కాస్త పక్కకు జరిగి ఉంది. గాలికేమో అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. ఆ రోజు రాసిన ఉత్తరంలో అది వదిలేశాను. నీకు భయం పెంచకూడదని కాదు, నువ్వు నన్ను ఇక ఎప్పటికీ నమ్మవని.

అక్కడ ఉండొద్దు. ఇక్కడికీ రావద్దు. పెనుకొండలో మా అక్క భారతి ఉంది, ఇంటి అడ్రసు ఇదే కవరులో చీటీ మీద రాశాను. ఆమెకు ఏమీ చెప్పనక్కర్లేదు, నా పేరు చెబితే చాలు. ఫొటో ప్రింటు, ఫైలు రెండూ తీసేస్తాను. నువ్వు ఊ అంటే ఈ క్షణమే.

శశి


శింగనమల చెరువు కింది ఊరు,
ఫిబ్రవరి 2.

శశీ,

నేను బతికే ఉన్నాను. ముందు అది చదువు. తర్వాత కూర్చుని మిగతాది చదువు.

నీ ఉత్తరం అందిన రోజే సంచి సర్దాను. నాలుగు చీరలు, కత్తెర, టేపు. మిషను వదిలేసి పోవాలి. నారాయణమ్మత్తకు చెప్పకుండా పోవడానికి మనసు రాక, నా అసలు పేరు చెప్పాను. పేరుతో పాటు మిగతాదంతా వచ్చేసింది. ఆమె చేట పక్కన పెట్టి విన్నది. "యాడికి పోతావ్?" అంది. "పోయిన చోట మళ్లా ఇంగో నారాయణమ్మ దొరకల్ల గదా." నాలుగు రోజులు ఆగమంది. పగలంతా వీధి అరుగు మీద తనే కూర్చుంది. నేను లోపల వెనక తలుపుకు వీపు ఆనించి కుట్టుకున్నాను. తినేటప్పుడు కూడా సంచి పక్కనే.

గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు ఆమె నీళ్ల బిందె తేవడానికి పోయింది. కొళాయికి నీళ్లు వచ్చేది వారానికి రెండు రోజులు, పోక తప్పదు. అప్పుడు గడప బయట ఎవరో చెప్పులు విప్పిన చప్పుడైంది. నా తలుపుకు సగం వరకే కర్టెన్ కట్టి ఉంటుంది, కింద పాదాలు మాత్రమే కనబడతాయి. నేను కత్తెర చేతిలోకి తీసుకున్నాను. వెనక తలుపు గడియ తీద్దామంటే వేళ్లు రాలేదు.

అప్పుడు ఆ పాదాలు చూశాను. కుడికాలి బొటనవేలి గోరు నల్లగా, సగానికి చీలి ఉంది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు చేను చదును చేసే గుంటక కాలి మీద పడి చీలిన గోరు. మళ్లీ సరిగా మొలవలేదు.

నాయన.

మా నాయన అంజినప్పను నువ్వు హాస్టలు గేటు దగ్గర ఒకసారి చూశావు. నల్లటి మీసం, లావుపాటి మనిషి. నీ దగ్గరికి వచ్చిన పెద్దాయనే. గుర్తుపట్టలేకపోవడం నీ తప్పు కాదు, నేనే మొహం చూసి గుర్తుపట్టలేకపోయేదాన్ని. సగమైపోయాడు.

అయినా నేను కత్తెర దించలేదు. నీకు ఇది ఎప్పుడూ చెప్పలేదు. వేలు విరిగినప్పుడు నేను నల్లమాడ దగ్గర మా ఊరికే పోయాను. కట్టు కట్టించింది నాయనే. పది రోజులు ఉంచుకుని, పదకొండో రోజు బస్సెక్కించి తనే వీరేష్ ఇంట్లో దించి వచ్చాడు. ఇంకోసారి పోతే మూడో రోజే దించాడు. పరువు అన్నాడు, సర్దుకో అన్నాడు. అందుకే చివరిసారి ఇల్లు వదిలినప్పుడు ఆ ఊరి వైపు కూడా చూడలేదు. వీరేష్ వచ్చి తీసుకుపోతే అది ఒక రకం. నాయన వచ్చి బస్సెక్కమంటే నేను ఎక్కుతానేమోనని భయం. ఆ భయం పెద్దది.

"నేను రాను నాయనా" అన్నాను. మొదటి మాట అదే.

"రమ్మని రాలేదమ్మా" అన్నాడు. గడప దాటలేదు. అక్కడే కింద కూర్చున్నాడు.

నారాయణమ్మత్త బిందెతో వచ్చి, ఆయన్నీ నా చేతిలో కత్తెరనూ చూసి, బిందె అక్కడే దించి ఒక చెంబు నీళ్లు ఆయన ముందు పెట్టింది. నీళ్లు తాగాడు. నీకు పేరు చెప్పకపోవడానికి కారణం చెప్పాడు. చెబితే నువ్వు నాకు రాస్తావు, రాస్తే నేను పారిపోతాను అనుకున్నాడట. కవరు మీద నా చేతిరాత గుర్తుపట్టాడు. తెలిశాక కూడా మూడు వారాలు ఇంట్లోనే కూర్చున్నాడు, వీరేష్ మనుషులు తన వెనక వస్తారేమోనని. వీరేష్ పని మీద బెంగళూరు పోయాడని రూఢిగా తెలిశాకే బయల్దేరాడు.

తర్వాత, "చెయ్యి సూపీమ్మా" అన్నాడు.

కత్తెర పక్కన పెట్టి, వేలి గుడ్డ విప్పి చెయ్యి ఇచ్చాను. నువ్వు కెమెరాతో వచ్చినంత దగ్గరగా కళ్ల దగ్గరికి తీసుకున్నాడు. వంకర దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కాడు. చలికి నొప్పి పుడుతోందా అని అడిగాడు. పొద్దుటి పూట ఉంటుందన్నాను. కట్టు కట్టించేటప్పుడు ఈ చేతిని తన ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నది తనే కదా, ఆ వైద్యుడు ఇంకొంచెం లాగి కట్టి ఉంటే తిన్నగా వచ్చేది, నేను అరుస్తుంటే తనే ఇక చాలన్నాడట. ఇన్నేళ్లూ ఆయన దాన్ని మోస్తున్నాడని నాకు తెలియదు.

ఆ తర్వాత చెప్పాడు శశీ. పేపరు వచ్చిన రోజు మధ్యాహ్నమే వీరేష్ మా ఊరికి వచ్చాడట, ఇద్దరు మనుషులతో. నాయన చేలో నుంచి అప్పుడే వచ్చాడు. వీరేష్ పేపరు ఆయన మొహం మీదికి తెచ్చి, "ఇది నీ కూతురి చెయ్యే గదా మామా, నిజం చెప్పు" అన్నాడట. నాయన చూశాడు. చూసిన క్షణంలోనే తెలిసిపోయిందట. నేను బతికున్నానని ఆయనకు తెలిసింది అప్పుడే. స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. పేపరు చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పినట్టు తిప్పాడు.

"ఇది ఎడమచెయ్యి గదప్పా. నా బిడ్డకు ఇరిగింది కుడిచెయ్యి యేలు."

అని పేపరు తిరిగి వీరేష్ చేతికే ఇచ్చాడట. చచ్చాననే అనుకున్నానమ్మా అన్నాడు నాతో. తలుపు తోసిన వాడికి తెలియకుండా ఉంటుందా, ఇప్పుడే గొంతు పట్టుకుంటాడు అనుకున్నాడు.

వీరేష్ కాసేపు పేపరు వైపే చూశాడట. తర్వాత, "అవును, కుడిదే" అన్నాడట. పేపరు అక్కడే పారేసి జీపెక్కాడు. నాయన ఆ కాగితం ఏరుకుని చెయ్యి వరకు కత్తిరించి దాచుకున్నాడు.

నేను ఆ చేత్తో గిన్నె పట్టుకుని ఆ ఇంట్లో అయిదేళ్లు వడ్డించాను. వీరేష్‌కు అది ఏ చెయ్యో తెలియదు.

నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో నాకే తెలియలేదు. నారాయణమ్మత్త లేచి లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. జొన్నరొట్టె, గోంగూర ఊరుబిండి పెట్టాం. నాయన రెండు రొట్టెలు తిన్నాడు. మీ అమ్మ ఉండి ఉంటే నిన్ను అన్నిసార్లు దించి రానిచ్చేది కాదు అన్నాడు. తప్పు అని ఆయన అనలేదు, నేనూ అనిపించుకోవాలనుకోలేదు.

నేను పెనుకొండ పోవడం లేదు. భయం పోయిందని కాదు. నిన్న కూడా టూవీలర్ ఆగితే మిషను ఆపేశాను. కానీ వీరేష్ కుడిచెయ్యి కోసం వెతుకుతున్నాడు గనక కొన్నాళ్లు ఇక్కడ బతకొచ్చు. నీ మీద కోపం ఇంకా ఉంది. ఫొటో తీసెయ్యొద్దు, ఇంకెక్కడా పెట్టనూ వద్దు. దాని సంగతి ఇక మీదట నేను చెప్పినట్టే. కవర్లు చదవగానే కాల్చెయ్యి.

నాయన రెండున్నర బస్సుకు లేచాడు. తువ్వాలు దులుపుకుంటుంటే నేను చెప్పాను, మళ్లీ రావద్దని. ఉత్తరం కూడా వద్దని. ఒకసారి నమ్మిన వీరేష్ రెండోసారి నాయన వెనక మనిషిని పంపడని నమ్మకం ఏమిటి? అంత దూరం నుంచి వచ్చిన మనిషికి ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

"రాన్లేమ్మా" అన్నాడు.

బస్సు దాకా పోలేదు, మలుపులో గోడ చాటున నిలబడి చూశాను. బస్సు ఖాళీగానే ఉంది. నా వైపు కిటికీ సీటు వదిలేసి అవతలి వైపు పోయి కూర్చున్నాడు. తువ్వాలు తల మీదికి లాక్కున్నాడు. ఈ ఊళ్లో తనకు ఎవరూ లేనట్టు, ఏదో పని మీద వచ్చి పోతున్నట్టు, ముందుకే చూస్తూ పోయాడు.

సునంద